పలక

పాకాల హైస్కూల్లో
విరిగిన బెంచీలు దాచే గదికి సున్నం కొట్టి
తలుపు మీద 'మ్యూజియం' అని రాసినారు
తొమ్మిదో తరగతి పిల్లోళ్ళు.
'మ్యూ' కింద వొత్తు మూడుసార్లు దిద్దినారు.

దానికి ముందు సంగతి చెప్పాల.

చంద్రగిరి కోటకి తీసుకపోయినా వీళ్ళని.
కత్తులు చూసినారు, కంచు దేవుళ్ళని చూసినారు,
రాజు కూర్చునుంటాడని ఒక మూలని తేల్చినారు.
దీవెన ఒక్కతే అద్దాలన్నీ తిరిగొచ్చి అడిగింది:
"మా తాత పలక ఏ గదిలో ఉండాది మేడమ్?"
సోషల్ చెప్పేదాన్ని. ఇరవై రెండేళ్ళ సర్వీసు.
బస్సుకి టైమైందని చెప్పినా.

ఫిబ్రవరిలో వచ్చింది నీమా,
తిరుపతిలో పశువైద్యం చదివే టాంజానియా పిల్ల.
రైతుల దగ్గర నేర్చిన తెలుగు,
"మేస్తాందా, నెమరేస్తాందా" దాకా బాగా వస్తాది,
ఆ పైన చేతులతో.

నల్లబల్ల మీద సముద్రం గీసింది.
అవతల ఒక చుక్క పెట్టింది, బగమోయో.
'గుండెని ఇక్కడే దించిపెట్టు' అని అర్థమంట,
గొలుసుల్లో నడిచొచ్చినోళ్ళకి
నీళ్ళు కనపడే చోటు.
"కొన్ని ఓడలు ఇట్లా కూడా" అంటా
గీతని మనవైపు లాగింది.
పుస్తకం తిరగేసినా.
అమెరికా ఉండాది, అర పేజీ.
ఈ గీత లేదు.

"గొలుసు కాడే ఆపొద్దు మేడమ్" అనింది నీమా,
సంచిలోంచి బట్ట తీసి పరిచింది.
అంచు మీద అక్షరాలు, వాళ్ళ అమ్మమ్మ కట్టిన సామెత.
మాట్లాడలేని మాట కొంగుతో చెప్తారంట.
"మా అమ్మకి కొంగెందుకు, నోరే ఉండాది" అన్నాడు చెంగల్రాయుడు.
నవ్వు ఆగినాక ఎవరో ఒకమ్మి
వెంట్రుకలు ముట్టుకోవచ్చా అనడిగింది.
"అడిగినావు, సంతోషం" అని తల వొంచింది నీమా.
"బస్సులో అడగరు."

ఙోమా అంటే డప్పంట, ఆటంట, పండగంట,
అన్నిటికీ ఒకటే మాటంట.
దీవెన లేచి నిలబడింది.
"మాకూ ఒకే మాట, రెండు వస్తువులు."
పలక అంటే రాసేది.
పలక అంటే మోగేది.
మొదటిది పట్టుకోనీయని చేతికి
రెండోది ఇచ్చినారు,
శవం ముందర, జాతర ముందర, ఎప్పుడూ ముందర,
భోజనాల దగ్గర తప్ప.
ఇదంతా ఆ బిడ్డ చెప్పలేదు. నాకు వినబడింది.

మ్యూజియం తెరిచే రోజు
గంగులప్ప గేటు బయటే చెప్పులు విడిచి నిలబడినాడు.
ఎవరూ విడవమనలేదు.
ఎవరూ వద్దనలేదు కూడా, నేను పోయి చెయ్యి పట్టుకునే దాకా.
బల్ల మీద పెట్టమంటే పలక ఇయ్యలేదు.
"ఊరికే పెడితే చెవిటిదైపోతాది తల్లీ,
మంట చూపించాల."
మంటకేముంది, నిరుటి ప్రశ్నపత్రాలు ఉండాయి.
'కింది ఖాళీలను పూరింపుము' మొదట అంటుకునింది.
చర్మం బిగిసింది. వేలితో మీటి చూసి
ముందు నీమాకి ఇచ్చినాడు ముసలాయన.
ఆ అమ్మి వాళ్ళ దరువు, ఈయన మన దరువు,
కలవలేదు. చాలాసేపు కలవలేదు.
హెడ్మాస్టరు కిటికీ మూసుకున్నాడు.
తర్వాత ఎప్పుడో, పిల్లోళ్ళ కాళ్ళు
రెండింటికీ మధ్యన ఒకటి కనిపెట్టినాయి.

దీవెన అంగన్‌వాడీ నుంచి తెచ్చిన రాతిపలక మీద
సుద్దతో చీటీ రాసింది:
'ఇది మా తాత పలక.
రాసేదానికి ఇయ్యలేదు, అందుకని వాయించినాడు.'
"చదువమ్మీ" అన్నాడు గంగులప్ప.
చదివింది.
ఆయన ఆ నల్లరాయిని దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసి
"అంతా బాగుండాది, నా పేరేదీ?" అన్నాడు.

చోటు లేదు.
చెక్క అంచు మీద, సుద్ద పట్టకపోతే
మేకుతో గీకతా ఉండాది దీవెన.
'గం' అయింది.